దవడలో లేని పళ్లు

మన్నూబియా ఎముకలు కడిగే మనిషి. ట్యూనిస్ పక్కన, సముద్రపు ఒడ్డున పురావస్తువాళ్లు రోమన్ల కాలపు శ్మశానం తవ్వినన్నాళ్లూ ఆమెకు రోజుకూలి. పదకొండేళ్లుగా అదే బేసిను, అరిగిన టూత్‌బ్రష్షు. మట్టిలోంచి లేచి వచ్చినవాళ్లను ఎందరిని కడిగిందో ఆమెకే తెలియదు.

ఆ పొద్దున సంచిలో ఓ కుక్క వచ్చింది. ఒక ఆడపిల్ల సమాధిలో, పాదాల దగ్గర దొరికిందట. పిల్లి కన్నా కాస్త పెద్దది, అంతే. మట్టి గడ్డకట్టిన కింది దవడను నానబెట్టి, రుద్ది, బురదనీళ్లు దానిమ్మ పాదులో పారబోసి చూసుకుంది. ఒక్క పన్ను లేదు.

కడిగేటప్పుడు కింద జల్లెడ ఉండాలి. పళ్లు ఊడితే అందులో పడతాయి. జల్లెడ చిరిగి నెలైంది. కొత్తది ఇమ్మని మేస్త్రీని మూడుసార్లు అడిగింది. ఇవ్వలేదు.

నిరుడు తోటి కూలి రెబ్హాకు ఏం జరిగిందో కళ్లముందు ఆడింది. పూసొకటి కనపడలేదని అందరి ముందూ తలగుడ్డ విప్పించి వెతికారు. పూస మర్నాడు మట్టిలోనే దొరికింది. రెబ్హాను మాత్రం మళ్లీ పనికి పిలవలేదు. ఆ పూసకున్న విలువ మనిషికి లేకపోయింది.

మన్నూబియా దానిమ్మ పాదులో మోకాళ్ల మీద కూలబడి బురద పిసికింది. గులకరాయి. నత్తగుల్ల. మళ్లీ గులకరాయి.

"ఏం ఖాల్తీ, నిధి గానీ దొరికిందా?" మేస్త్రీ లజ్‌హర్ వచ్చి నిలబడ్డాడు. పెద్దామె గనక అక్కడందరికీ ఆమె ఖాల్తీయే, అంటే పిన్ని.

"కుక్కపళ్లు కనపడ్డం లేదు, లజ్‌హర్ అయ్యా."

"కనపడ్డం లేదా, కనపడకుండా చేశావా? తాయెత్తులు కట్టేవాళ్లెవరికిచ్చావు?"

"పదకొండేళ్లలో గవ్వ ముక్కయినా తీశానా? జల్లెడ ఇమ్మని నీ కాళ్లావేళ్లా పడ్డాను గదయ్యా!"

"అరవకు. తలగుడ్డ తియ్యి."

బుట్టలు మోసే ఆడవాళ్లు ఆగిపోయారు. మన్నూబియా చెయ్యి ముడి మీదకు పోయింది.

"తియ్యను. ముందు డాక్టరమ్మని చూడనీ."

ఎముకలు చదివే డాక్టరమ్మ సిహెమ్ వచ్చి దవడను ఎండకు పెట్టి తిప్పింది.

"వేలు పెట్టి చూడు ఖాల్తీ. ఇప్పుడు ఊడితే గుంట ఉండాలిగా? ఏదీ? ఎముక పెరిగి నున్నగా పూడిపోయింది. ఇవి బతికుండగానే ఊడాయి. పళ్లు లేకుండా ఏళ్లు బతికిందిది. ఎవరో తిండి మెత్తగా పిసికి పెట్టుంటారు."

లజ్‌హర్ నవ్వేశాడు. "ఈ కుక్కకున్న భోగం మనకేదీ, ఖాల్తీ!"

"నవ్వు తర్వాత. అందరి ముందూ దొంగన్నావు, అందరి ముందూ తప్పయిందను."

అతను సిహెమ్ వైపు చూశాడు. సిహెమ్ దవడ వైపు చూసింది. లజ్‌హర్ వెనక్కి తిరిగి గోతుల వైపు నడిచాడు.

మన్నూబియా బేసిను దగ్గరికి పోయి ఇంకో సంచి విప్పింది. అందులోని దవడను తడపకుండానే పైకెత్తి పట్టుకుని, బుట్టల ఆడవాళ్లను కేకేసింది.

"ఇటు రండే! కడగకముందు దీనికెన్ని పళ్లున్నాయో నాతోపాటు మీరూ లెక్కపెట్టండి."

ఆడవాళ్లు బుట్టలు దించి చుట్టూ చేరారు. లెక్క రెండుసార్లు తప్పింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు.