స్టూలు మీద పది నిమిషాలు

మా ల్యాబ్ సార్ పోయారు. పోయిన గురువారం పొద్దున కడపలో నేను పనిచేసే ఆసుపత్రిలో రోగుల నాడి చూపించే ఒక మానిటర్ వెనక మూత విప్పుకుని కూర్చున్నాను. కర్నూలు నుంచి సార్ భార్య ఫోన్ చేశారు. "పాపా, మీ సారు ఇంగ లేడమ్మా. పొద్దున కాఫీ ఇద్దామని లేపితే లెయ్యలేదు" అన్నారు. ఫోన్ పెట్టేశాక ఆ మానిటర్ పని పూర్తి చేసి, మూత బిగించి, రోగికి పెట్టి చూసి, అప్పుడే బస్‌స్టాండుకు బయలుదేరాను. నన్ను రాతిగుండెది అనుకున్నా సరే. పని సగంలో వదిలి వస్తే ముందు తిట్టేది ఆయనే.

ఆయన ప్రొఫెసర్ కాదు. మేము బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివిన కర్నూలు కాలేజీలో ల్యాబ్ చూసుకునేవారు. చదివింది ఐటీఐ. ఒక పెద్దాసుపత్రిలో మిషన్లు బాగుచేసి బాగుచేసి జుట్టు నెరిశాక, రిటైరై మా దగ్గరికి వచ్చారు. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు, ఒక చిన్న టార్చి ఉండేవి. ఆదివారం చర్చికి కూడా వాటితోనే వెళ్లేవారట. పాట మధ్యలో మైకు మూగబోతే పాస్టరు గారు ముందు ఈయన వైపే చూసేవారని ఆయన భార్య నవ్వుతూ చెప్పేవారు.

ఇంకొకటి ఆయన స్టూలు. పొట్టి ఇనుప స్టూలు. వార్డులో గచ్చు మీద గీరుకుని చప్పుడు కాకూడదని నాలుగు కాళ్లకూ పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి పెట్టుకున్నారు. మమ్మల్ని ఆసుపత్రికి తీసుకుపోయిన రోజుల్లో దాన్ని మోపెడ్ వెనక తాడుతో కట్టుకుని వచ్చేవారు. నర్సులు ఆయన్ని స్టూలు సారు అనేవాళ్లు. మిషన్ ఏదైనా సరే, స్క్రూ మీద చెయ్యి వేసే ముందు ఆ స్టూలు మీద పది నిమిషాలు ఊరికే కూర్చోవాలి. అది ఆయన పెట్టిన పద్ధతి. ల్యాబులో మొదటి రోజు నేను స్క్రూడ్రైవర్ అందుకోబోతే దాన్ని నా చేతిలోంచి తీసి తన జేబులో పెట్టుకున్నారు. "పది నిమిషాలు గమ్మున కూసో పాపా. మిషన్ యాడికీ పారిపోదులే" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

అసలు ఆ బ్రాంచే నాకు ఇష్టపడి వచ్చింది కాదు. కంప్యూటర్స్ కావాలనుకున్నాను. ఎంసెట్‌లో నాకొచ్చిన ర్యాంకుకు ఇది దొరికింది. మాది ఆలూరు. సెలవులకు ఇంటికి పోతే మా పెద్దమ్మ విచారణ మొదలుపెట్టేది.

"అయితే డాక్టరమ్మవి అయితావా?"

"కాదు పెద్దమ్మా."

"సూదన్నా ఏస్తావా?"

"ఎయ్యను."

"ఇంగేం సదువే అది!"

క్లాసులో మేము తొమ్మిది మందిమి. మా బెంచీల కంటే పక్క ల్యాబు గుమ్మంలో కంప్యూటర్స్ వాళ్లు విడిచిన చెప్పులే ఎక్కువ. మొదటి ఏడాది చివర బ్రాంచి మార్చుకునే వీలుంటుంది. నాయన కూడా "నచ్చకపోతే మార్చుకో పాపా, బలవంతమేం లేదు" అన్నాడు. నీటుగా అర్జీ రాసుకున్నాను. దాని మీద అన్ని ల్యాబుల వాళ్లూ, మాకు ఈ అమ్మాయి ఏ వస్తువూ బాకీ లేదని సంతకం చెయ్యాలి. అందరూ చేశారు. చివరిది మా సార్ సంతకం.

ఆయన అర్జీ మొత్తం చదివి మడిచి నా చేతికే ఇచ్చారు. "పెడతాలే. పదైదు దినాలు నాతో ఆసుపత్రికి రా. ఆ తర్వాత నీ ఇష్టం" అన్నారు. గడువు ఇంకా మూడు వారాలుంది. నాది మొండితనం అని ఇంట్లో అందరూ అంటారు. ఆయనది నా దాన్ని మించింది. సరే, పదిహేను రోజులు ఓర్చుకుంటే పోతుందనుకున్నాను.

అది మే నెల. కర్నూలులో మే నెల ఎలా ఉంటుందో మళ్లీ రాయక్కర్లేదు. పన్నెండో రోజున పసిబిడ్డల వార్డు నుంచి కబురొచ్చింది. పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ వేడెక్కడం లేదని. సార్ ఇంకో వార్డులో ఉన్నారు. "నువ్వు పో, నేనొస్తా" అన్నారు. ఒంటరిగా చేసే మొదటి పని. ఏనుగెక్కినంత సంబరంతో పోయాను. సిస్టర్ బిడ్డను గుడ్డలో చుట్టి తల్లికి ఇచ్చింది. స్టూలు సార్ దగ్గరే ఉండిపోయింది కాబట్టి కూర్చునే పనీ తప్పింది. నేరుగా స్క్రూలు విప్పాను. వేడిచేసే కాయిల్ బాగానే ఉంది. తీగలు బాగానే ఉన్నాయి. గంటసేపు చెమటలు కక్కి, తప్పు దొరక్క, ఇక మిగిలింది లోపలి సర్క్యూట్ బోర్డే అని తీర్మానించేశాను. "బోర్డు పోయింది. కంపెనీకి పంపాలి" అని చీటీ రాసి అంటించాను. కింద సంతకం కూడా పెట్టాను, పెద్ద అక్షరాలతో.

ఆ వార్డులో ఉన్నవి రెండే వార్మర్లు. రెండో దాంట్లో అప్పటికే ఇద్దరు బిడ్డలున్నారు. ఇది కంపెనీకి పోతే ఎన్నాళ్లకు తిరిగొస్తుందో ఎవరికీ తెలీదు. తల్లి గోడకానుకుని నా చీటీ వైపు చూస్తోంది. ఆమెకు చదువు రాదనుకుంటాను, అయినా అది మంచి కబురు కాదని తెలిసిపోయింది.

సార్ స్టూలుతో వచ్చారు. చీటీ చదివారు. మిషన్ను మునుపటిలాగే బిగించమన్నారు. "బిడ్డను ఇందాక ఎట్ల పడుకోబెట్టినారో అట్లనే పెట్టు సిస్టరమ్మా, ఒక్క రవ్వసేపు" అన్నారు. చేతులు కడుక్కుని వచ్చి, చల్లబడిన బిడ్డ పాదాలు రెండూ తన గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డారు. స్టూలు నా వైపు కాలితో జరిపారు.

కూర్చున్నాను. అంకెల వైపే చూస్తున్నాను. ముప్పై ఏడు చూపిస్తోంది. హీటర్ దీపం ఆరిపోయి ఉంది.

"యాడ సూస్తాండావు?"

"డిస్‌ప్లే సార్."

"డిస్‌ప్లేకి సలి పెడతాందా? బిడ్డను సూడు."

చూశాను. మొదట ఏమీ కనబడలేదు. తర్వాత బిడ్డ తలమీద నూగులాంటి జుట్టు కదులుతోందని గమనించాను. ఎదురుగా గోడవార పెట్టిన కూలర్ నుంచి తడిగాలి నేరుగా ఆ వార్మర్ మంచం మీదికే కొడుతోంది. పాదాలు చల్లబడక ఏమవుతాయి? మరి మిషన్ ముప్పై ఏడు అని ఎందుకంటోంది? బిడ్డ పొట్టకు అంటించాల్సిన సెన్సర్ కోసం వెతికాను. పొట్ట మీద లేదు. టేపు ఊడి, తీగ అంచుమీద నుంచి జారి, సెన్సర్ కిటికీ గట్టు మీద ఎండలో పడి ఉంది. కర్నూలు ఎండను కొలిచి, బిడ్డ వెచ్చగా ఉందనుకుని, మిషన్ తన వేడిని ఆపుకుంది. దానిలో ఏ లోపమూ లేదు. ఇది తెలియడానికి స్టూలు మీద ఆరు నిమిషాలు కూడా పట్టలేదు.

కూలర్‌ను పక్కకు తిప్పాం. సిస్టర్ సెన్సర్‌ను బిడ్డ పొట్టకు కొత్త టేపుతో అంటించింది. అంకెలు ముప్పై ఐదుకు పడ్డాయి, హీటర్ ఎర్రబారింది. తల్లి లేచి వచ్చి మంచం పక్కన నిలబడింది. నా చీటీని నేనే పీకేశాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. సార్ తిడతారని చూశాను. తిట్టలేదు. "అది సరిగ్గానే చెప్తాండాది పాపా. ఎవురి సంగతి చెప్తాండాదో మనం సూసుకోవాల" అన్నారు. బయటికి వచ్చాక జేబులోంచి పెన్ను తీశారు. "ఏదీ, అర్జీ తే. పదైదు దినాలు యాల, పన్నెండుకే పెడతా."

అర్జీ నా సంచిలోనే ఉంది. "మర్చిపోయి వచ్చినా సార్" అన్నాను.

ఆయన సంచి వైపు చూశారు, నా వైపు చూశారు. "సరే, రేపు తే" అన్నారు.

ఆ రేపు నా చదువు అయ్యేదాకా రాలేదు. రెండో ఏడాది సిగ్నల్స్ పేపరు తప్పాను. హాస్టల్లో దుప్పటి కప్పుకుని ఏడ్చాను. మర్నాడు ల్యాబుకు పోతే, "అర్జీ తెచ్చినావా?" అని ఎదురొచ్చారు. రోషానికి చదివి మళ్లీ రాసి పాసయ్యాను. క్యాంపస్‌కు వచ్చిన కంపెనీలన్నీ కంప్యూటర్స్ వాళ్ల కోసమే వచ్చి పోతున్నప్పుడూ అదే ప్రశ్న. మా పుస్తకాల లెక్కలు ఆయనకు అర్థమయ్యేవి కావు. దాచుకోలేదు కూడా. "అది మీ మేడమ్‌ను అడుగు. మనిషి గురించైతే నన్నడుగు" అనేవారు. గుండె కొట్టుకునే గీతలను నేను నేర్చుకున్నది పుస్తకంలోనే. ఆ ఈసీజీ పట్టీలు తన ఛాతీకే అంటించమని, నా చేతుల కింద చొక్కా విప్పి పడుకున్నది మాత్రం ఆయన. కడపలో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున ఒక్క మాటే అడిగారు: "ఆడ స్టూలు ఉండాదా?"

పోయిన నెలలో గుండె బలహీనపడి ఆయనే ఆసుపత్రిలో చేరారు. చూడటానికి వెళ్లాను. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టానో లేదో నా కళ్లు మానిటర్ మీదికి పోయాయి. ఆక్సిజన్ ఎంత, నాడి ఎంత, గీత ఎలా ఉంది అని.

"యాడ సూస్తాండావు పాపా?" గొంతు పీలగా వచ్చింది. "నేనీడుండా."

ఇన్నేళ్లకు, ఆయన దగ్గరే, మళ్లీ అదే తప్పు. నా మీద నాకు అసహ్యం వేసింది. మంచం దగ్గరికి పోయాను. దుప్పటి పైకి జరిగి పాదాలు బయటున్నాయి, చల్లగా ఉన్నాయి. రెండూ నా చేతుల్లో పట్టుకున్నాను. వెచ్చబడేదాకా వదల్లేదు. ఆయన కళ్లు మూసుకునే, "అర్జీ తెచ్చినావా?" అన్నారు.

"మర్చిపోయినా సార్."

నవ్వబోయి దగ్గారు. అవే మా ఆఖరి మాటలు.

గురువారం మధ్యాహ్నానికి కర్నూలు చేరాను. సందులో షామియానా వేశారు. చర్చివాళ్లు మెల్లగా పాడుతున్నారు. అద్దె ఫ్రీజర్ పెట్టెలో సార్ ఉన్నారు. ఎవరో జేబులో టెస్టరూ టార్చీ పెట్టారు. అందరికీ ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్న సార్ వాళ్లబ్బాయి నన్ను చూసి లోపలికి పోయి, ఆ స్టూలు తెచ్చి పెట్టె పక్కన వేశాడు. గచ్చు మీద చప్పుడు కాలేదు.

కూర్చున్నాను. పెట్టె అంచున ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. లోపల కంప్రెసర్ తెరలు తెరలుగా మోగుతోంది. దాంట్లో ఏదో బోల్టు వదులైందని నా చెవికి తెలిసిపోతూనే ఉంది. తల అటు తిప్పలేదు. అద్దం మీద తేమ పట్టి ఆయన ముఖం మసకబారితే చేత్తో తుడిచాను. మళ్లీ మసకబారింది, మళ్లీ తుడిచాను. పది నిమిషాలూ ఆయననే చూస్తూ కూర్చున్నాను.