తియ్యటి క్యాప్సూలు

ఇది మూడేళ్ల కిందటి మాట. మేం రాయపూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాం. మావారి రక్తంలో హెపటైటిస్-బి ఉందని తేలింది. దానికి నేల ఉసిరి పొడి పనిచేస్తుందేమో చూడటానికి ఒక ఆసుపత్రిలో పరిశోధన జరుగుతుంటే అందులో చేరారు. నెలనెలా క్యాప్సూళ్లు ఇచ్చేవారు.

అందులో నిజంగా నేల ఉసిరే ఉందా అని అనుమానం వచ్చి ఒకటి విప్పి నాలుకకు రాసుకున్నాను. తియ్యగా ఉంది! చేదుగా ఉండే నేల ఉసిరి ఎక్కడైనా తియ్యగా ఉంటుందా? మర్నాడే మావారిని వెంటబెట్టుకెళ్లి, రోగులందరి ముందూ డాక్టరుగారిని నిలదీశాను.

"మా ఆయనకి పంచదార పెట్టి ప్రయోగాలా?"

"బహన్‌జీ, మెల్లగా! సగంమందికి మందు, సగంమందికి ఉత్త పొడి. ఎవరికి ఏదో నాకూ తెలియకూడదు. మీవారికి అంతా చెప్పే సంతకం తీసుకున్నాం."

మావారు నేలచూపులు చూశారు. ఈలోగా బెంచీల మీదున్న వాళ్లంతా తమ క్యాప్సూళ్లు విప్పి నాకడం మొదలుపెట్టారు. "నాది చేదు!" "అరే, నాది మీఠా!" అని ఒకటే గోల. డాక్టరుగారు తల పట్టుకున్నారు.

ఆయన్ని ఊరడిద్దామని, "మావారికేం ఫరవాలేదు లెండి, పెరట్లో నేల ఉసిరి రసం నేను రోజూ పట్టిస్తూనే ఉన్నాను" అన్నాను. ఆయన కుర్చీలో కూలబడి, బయట రసం తాగేవాళ్లు పనికిరారని పరిశోధన జాబితాలోంచి మావారి పేరు కొట్టేశారు. అప్పుడు భయమేసి అడిగాను, "ఇక ఈయన్ని చూసేదెవరు?"

"రక్తపరీక్షలు నేను ఆపను. రసం మీరు ఆపండి" అన్నారు డాక్టరుగారు.

ఆపాను. మావారి లివర్ ఇప్పటికి బాగానే ఉంది. పరిశోధన కొత్తవాళ్లతో మళ్లీ మొదలైంది. ఈసారి రెండు రకాల క్యాప్సూళ్లూ చేదేనట. ఆ చేదు కలిపించింది మా ఆవిడేనని మావారు అందరికీ చెబుతుంటారు. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను వాదించను.