మంచం బయటికి తెచ్చిన ఆదివారం

చౌటుప్పల్‌లో మా ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు, అందులో కిరాయికున్న వాళ్లకు ఆ సంగతి చెప్పొద్దన్నాడు మా ఆయన. ముందే తెలిస్తే మొండికేసి బేరం చెడగొడతారట. బయానా డబ్బు చేతిలో పడ్డాక చెబుదామన్నాడు. నేనూ తలూపాను. బడిలో పిల్లలకు అబద్ధాలాడొద్దని గొంతు చించుకునే పంతులమ్మను, ఇంట్లో మాత్రం నోరు మూసుకున్నాను.

నాకు నల్లగొండ బదిలీ అయ్యాక ఆ ఇంటిని కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన ఒక జంటకు ఇచ్చాం. అతను మందుల కంపెనీలో పని చేస్తాడు. ఇద్దరు పిల్లలు, అతని తల్లి. ముసలామెను చూడగానే, ఇక్కడి ఇంటివాళ్లందరూ అడిగేదే నేనూ అడిగాను. ఆమెకు ఏమన్నా అయ్యేటట్టుంటే ముందే మీ ఊరికి తీసుకుపోతారు కదా అని. తిథి నక్షత్రం మంచివి కానప్పుడు ఇంట్లో ప్రాణం పోతే ఆ ఇంటిని మూడు నెలలో ఆరు నెలలో విడిచిపెట్టాలంటారు మా దగ్గర. ఆ తర్వాత కూడా ఎవరూ తొందరగా గడప తొక్కరు. కోడలు సరేనంది. నాకు అంతే చాలు, మళ్లీ ఆలోచించలేదు.

మూడేళ్లకు హాలియా ఆసామి ఒకాయన ఇల్లు కొంటానని వచ్చాడు. ఆయనది ఒకటే షరతు. ఒకటో తారీఖుకల్లా ఇల్లు ఖాళీ కావాలి, కిరాయివాళ్లు ఉండకూడదు. ఖాళీ చేయించి ఇస్తామని మాటిచ్చేశాం. మా కిరాయామెకు మాత్రం ఫోన్ చేసి, మా చుట్టాలు ఇట్లాంటి ఇల్లే కట్టుకుంటారట, ఆదివారం వచ్చి గదులు చూసి పోతారని చెప్పాను. అబద్ధం ఎంత బాగా కుదిరిందో అని లోపల మురిసిపోయాను కూడా. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఏమిటో నాకు ఆదివారం తెలిసింది.

మేం పోయేసరికి ఆసామి, వాస్తు చూసేటాయన గేటు దాటి లోపలికి పోతున్నారు. మా ప్రహరీ పక్కన ఖాళీ ప్లాటులో నీలం రంగు ప్లాస్టిక్ తాటిపత్రి కట్టి, దాని కింద నులక మంచం వేసి ఉంది. ఎవరో కూలివాళ్లు దిగారనుకున్నాను. దగ్గరికి పోతే మా కిరాయామె కనిపించింది. తడిగుడ్డతో అత్త పెదవులు తడుపుతోంది. ముసలామె కొడుకు తాటిపత్రికి ఇంకో తాడు కడుతున్నాడు.

ఇదేంది చెల్లె, బయట పండబెట్టినవేంది అని అడిగాను. దవాఖానలో లాభం లేదన్నారట, ఇవ్వాళో రేపో అన్నారట. మరి ఇంట్లో ఉంచక ఇక్కడెందుకని గట్టిగానే అన్నాను.

ఆమె తల ఎత్తకుండానే, "ఇంట్ల పానం పోతే కొనెటోళ్లు ఎనకకు పోతరు గదక్కా" అంది.

కొనేవాళ్లు అంది. అంటే వీళ్లకు అంతా తెలుసు. బ్రోకర్ మా ఇంటి ఫొటో తన ఫోన్ స్టేటస్‌లో పెట్టాడట, ఇరవై రోజులుగా తెలుసట. తెలిసీ ఒక్క మాట అడగలేదు. పైగా తెల్లారి లేచి ఇల్లంతా కడిగి, వాకిట్లో ముగ్గు పెట్టింది, చూడవచ్చిన వాళ్లకు బాగుండాలని. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఊరికి తీసుకుపోవాల్సింది కదా అని ఇంకా నా నోరు ఊరుకోలేదు. కొడుకు అప్పుడు చెప్పాడు. వాళ్ల ఊరు ఎప్పుడో శ్రీశైలం నీళ్లలో మునిగింది. అప్పటినుంచి ఆ ముసలమ్మ బతుకంతా కిరాయిళ్లలోనే గడిచింది. లేని ఊరికి తీసుకుపొమ్మని నేను షరతు పెట్టాను, ఇల్లు దొరకదని వాళ్లు సరేనన్నారు.

స్పృహలో లేదనుకున్న ముసలామె కళ్లు తెరిచింది. చెయ్యి ఆడించి నన్ను దగ్గరికి పిలిచి, నా చెయ్యి పట్టుకుంది.

"నేనే బయటికి ఎత్తుకపొమ్మన్న బిడ్డా. ఇంట్ల మైల పడకపోతే కొన్నాయన మా పిల్లలను గిండ్లనే ఉండనిస్తడు. నువ్వు జర చెప్పు."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మా ఆయన వైపు చూస్తే ఆయన చెప్పులు చూసుకుంటున్నాడు. నేను చెప్తానవ్వా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. కోడలు కొంగుతో ముఖం తుడుచుకుని, మీ నోటి మాట పడితే చాలక్కా, పిల్లల బడి గూడ ఈడనే గదా అంది.

ఇంతలో ఆసామి బయటికి వచ్చాడు. ఇల్లు నచ్చిందని మొహంలోనే తెలుస్తోంది. వాస్తు కూడా బాగుందట. ఆయన చెడ్డవాడేం కాదు, తాటిపత్రి కింద ఎవరున్నారో ఆయనకేం తెలుసు. ప్రహరీ అవతల నిలబడే కేకేసినట్టుగా అడిగాడు.

"ఒకటో తారీఖుకు గీ కిరాయోళ్లను ఖాళీ చేపిస్తనన్నరు గద మేడం, పక్కానా?"

నేను పలకలేదు. ఎందుకు పలకలేదని ఇప్పటికీ నన్నే తిట్టుకుంటాను. కాదు, ఖాళీ చేయించను అనొచ్చు. అవుననైనా అనొచ్చు. ముసలామె నా చెయ్యి వదిలేసి తాటిపత్రిని చూస్తూ పడుకుంది. కొడుకు చేతిలోని తాడు ముడి పడకుండానే జారిపోయింది.

కోడలు నన్ను తిడితే బాగుండు. తడిగుడ్డ పిండి మంచం కోడు మీద ఆరేసింది. తర్వాత నా మొహంలోకి చూసి, మెల్లగా అడిగింది.

"అయితే అత్తమ్మను ఇంట్లకు తీస్కపోదామా అక్కా?"

తలవైపు కొడుకూ కోడలూ పట్టుకున్నారు. కాళ్లవైపు నేనూ మా ఆయనా పట్టుకున్నాం. ఆసామి గేటు దగ్గర నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చాడు.