రగ్గు కప్పుకున్న బ్యాటు

పదిహేడేళ్ల వయసులో నా చేతికి ఎవరూ ఏ బాధ్యతా అప్పగించకుండా ఉండాల్సింది. ఆ రోజుల్లో ఏ పనినీ సగం చేయడం నాకు తెలియదు. పూర్తిగా చేసి, ఆపైన పదిమంది ప్రాణాలు తోడేదాన్ని. సిరిసిల్లలో ఇంటర్ చదువుతూ సాఫ్ట్‌బాల్ ఆడే మాకు ఆ చలికాలం ఒక కొత్త బ్యాటు వచ్చింది. అప్పటిదాకా ఉన్నవన్నీ సొట్టలు పడ్డ అల్యూమినియం బ్యాట్లే. ఇది కాంపోజిట్, అంటే సన్నటి పోగులను జిగురుతో అతికించి చేసినది. మా ఇల్లు గ్రౌండు పక్కనే కాబట్టి పీఈటీ సారు దాన్ని నాకే ఇచ్చి, "చలికి గిది పెళుసైతది బిడ్డా. పొద్దుగాల మంచుల దీంతోని కొట్టద్దు. ఎండ ముదిరినంకనే తియ్యాలె. అట్లని పొయ్యి కాడ పెట్టేవు, జిగురు ఖరాబైతది. రోజు పగుళ్లు సూడు" అన్నారు. (ఇందులో నాకు అర్థం కాని ముక్క ఒక్కటీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.)

ఆ రాత్రి నుంచే బ్యాటు నా మంచం మీద, నా రగ్గులో పడుకుంది. నేను ముడుచుకుని దుప్పటితో సరిపెట్టుకున్నాను. మూడో రోజు మరమగ్గాల షెడ్డుకు బయలుదేరిన బాపు తన మంకీ టోపీ కోసం ఇల్లంతా వెతికి, చివరికి దాన్ని బ్యాటు నెత్తిన చూశాడు. "నా చెవులకు చలి వెట్టదా? బ్యాటుకు టోపీ ఏందే?" అన్నాడు. "చలికి పోగులు పెళుసైతయట బాపూ" అన్నాను. "పుట్టినకాడికెల్లి పోగులల్లనే ఉన్న. నాకే చెప్తున్నవా!" అని టోపీ పీక్కుని పోయాడు. వంటింట్లోంచి అమ్మ, "ఇంత చాయ్ గూడ పొయ్యి దానికి" అంది.

ఇంతలో కోరుట్లలో టోర్నమెంటు. ఆ పొద్దున గెలిస్తేనే ఫైనల్. మాట్లాడితే నోట్లోంచి పొగలొస్తున్నాయి. చలిలో అల్యూమినియం బ్యాటుకు బంతి తగిలితే అరచేతుల నుంచి మోచేతుల దాకా జివ్వుమంటుంది. ఎల్లంతకుంట నుంచి వచ్చే పొడుగక్క (మా జట్టులో అందరికంటే గట్టిగా కొట్టేది ఆమే) ఒక్క దెబ్బ కొట్టి చేతులు విదిలించుకుంటూ వచ్చింది.

"చేతులు పోతున్నయే! గా కొత్తది నాకియ్యరాదా!"

"ఎండ రాలే."

కాసేపాగి మళ్లీ వచ్చింది. "అచ్చింది గదనే ఎండ!"

"ముదరలే."

"ఎండనా, బెండకాయనా ముదరనీకి!"

సారు వైపు చూసింది. సారు తల పట్టుకుని, "నేనే చెప్తిని గదా, ఇప్పుడు ఏ నోటితోని ఇయ్యమందు?" అన్నారు.

చివరి ఇన్నింగ్స్‌కు మేం ఒక్క పరుగు వెనక. మా జట్టు అమ్మాయి ఒకతె మూడో బేస్ మీద పరుగుకు కాచుకుని ఉంది. ఆఖరి అవకాశం నాది. అల్యూమినియం బ్యాటు పట్టుకుని నాలుగడుగులు వేశాను. ఆగాను. వెనక్కి వచ్చి, రగ్గు విప్పి, కొత్త బ్యాటు తీశాను. ఎండ ముదిరిందని నాకు నేనే చెప్పుకున్నాను. (పొడుగక్క అడిగినప్పటికంటే అది పిసరంత కూడా ఎక్కువ లేదు.)

బంతి తగిలింది. బ్యాటు కుళ్లిన కొబ్బరికాయలా డొప్పుమంది. బంతి నెమ్మదిగా దొర్లి బంతి విసిరిన పిచర్ కాళ్ల దగ్గరికే పోయింది. నేను అవుట్. మ్యాచ్ పోయింది. అంపైర్ బ్యాటు మీద వేలు పెట్టి జానెడు పగులు చూపించాడు.

తిరుగు బస్సులో ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పొడుగక్క పక్కన కూర్చుని, ఎర్రగా కమిలిన చేతులు ఒళ్లో పెట్టుకుని, "పలిగిందని కాదే. మాకు రాని ఎండ నీకెట్ల అచ్చింది?" అంది. వేములవాడ దాటాక లేచి నిలబడి, "తప్పు నాదే. మీకు ఇయ్యకుండ నేను తీసుకున్న" అని అందరికీ వినబడేలా చెప్పాను. కళ్లు తుడుచుకుంటుంటే పొడుగక్క నా చెయ్యి పట్టి గుంజింది. "కూసో. బస్సు గుంతల పడితే నీ పగుళ్లు గూడ సూడాలె మేము."

ఇప్పుడు జగిత్యాలలో నేనే పిల్లలకు ఆట నేర్పుతున్నాను. చలి పొద్దుల్లో గ్లౌజులు తొడిగిస్తాను, పాత బ్యాట్లే ఇస్తాను. కొత్తది తీయాలా వద్దా అని చెప్పే పని మాత్రం ఆ రోజు బ్యాటింగ్ లేని అమ్మాయికే అప్పగిస్తాను. ఎందుకట్ల మేడం అని అడుగుతారు. ఆ పదిహేడేళ్ల పిల్ల మొహం గుర్తొచ్చి నవ్వొస్తుంది. "చలికి బుర్ర పనిచెయ్యదు బిడ్డా" అని తప్పించుకుంటాను.