మిలిటరీ చక్రాలు, కడ్డీ బ్రేకులు

మా అన్నయ్య మీద నాకు ఇప్పటికీ కోపమే. మనిషి పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకున్నాను. వదిలిపెట్టే ఉద్దేశం కూడా లేదు.

యాభైల చివర్లో జగ్గయ్యపేటలో మాకొక పాత కారు ఉండేది. దొరల కాలం నాటిది, ఎన్ని చేతులు మారి మా దగ్గరికి చేరిందో తెలియదు. కారు అన్నయ్యది, తోలేది నేను. పెళ్లిళ్లకూ, నందిగామ ఆసుపత్రికీ, కోర్టు వాయిదాలకూ బాడుగకు తిప్పేవాళ్లం. ఇంజను బంగారం, బ్రేకులే దరిద్రం. పెడలు తొక్కితే బండి కింద పొడుగాటి ఇనప కడ్డీలు కదిలి, చక్రాల దగ్గర బ్రేకుల్ని లాగాలి. ఆ కడ్డీలు అరిగిపోయి, వంగిపోయి, ఒక్కో చక్రానికి ఒక్కో రకంగా పట్టేవి. చదునులో ఎలాగో ఆగేది. దిగుడులో నెమ్మదించేది, అంతే.

అందుకని మా కారులో ఒక ఆచారం ఉండేది. ముందు సీట్లో కాళ్ల దగ్గర ఇటుకంత నాపరాయి ముక్క పెట్టేవాళ్లం. దిగుడులో ఆపాల్సి వస్తే, బండి ఇంకా పాకుతుండగానే అక్కడ కూర్చున్నవాళ్లు దిగి ముందు చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. పెళ్లికొడుకుల మేనమామలు పెట్టారు, ప్లీడర్లు పెట్టారు. ఎవరూ తప్పు పట్టలేదు. పైగా "ఇవాళ రాయి నాది" అని సరదా పడేవాళ్లు. వాళ్లు వంగినప్పుడల్లా నేను నా బరువంతా పెడలు మీద వేసేవాణ్ని.

కడ్డీలు తీసేసి, ఆయిల్ ఒత్తిడితో పట్టే ఆయిల్ బ్రేకులు వేయిద్దామని రెండేళ్లు అన్నయ్యను పోరాను. మా బండి బాగుచేసే సాయిబుగారు బెజవాడలో మూలపడిన కొత్త రకం కారొకటి చూసి వచ్చారు. దాని ఆయిల్ బ్రేకులు విప్పి మన బండికి పట్టిస్తానన్నారు. చివరికి అన్నయ్య సరేనని బెజవాడ వెళ్లాడు. వచ్చేటప్పుడు, యుద్ధమయ్యాక వేలం వేసిన మిలిటరీ బండి చక్రాలు నాలుగు లారీలో వేసుకొచ్చాడు.

"ఇవేంటి?" అన్నా.

"చక్రాలు. కనబట్టంలా?"

"బ్రేకులేవి?"

"ఒరేయ్, చక్రం నలుగురికీ కనబడుద్ది. బ్రేకు ఎవడికి కనబడుద్దిరా?"

సాయిబుగారు పాత చక్రం పక్కన కొత్తది నిలబెట్టి చూశారు. జానెడు ఎత్తు ఎక్కువుంది. "చక్రం పెద్దదయిందండి. ఉన్న బ్రేకు దీనికి అసలు చాలదు. ముందు అయ్యి మార్చుకోండి," అన్నారు. అన్నయ్య నవ్వి, "మీ పని బిగించటం, బిగించండి," అన్నాడు. ఆయన బిగించారు.

వదిన పసుపు రాసి, ఉంగరపు వేలితో నాలుగు చక్రాలకూ కుంకుమ బొట్లు పెట్టింది. నిమ్మకాయలు తొక్కించాం. బజారు బజారంతా వచ్చి మెచ్చుకుని పోయింది. ఒక్కడంటే ఒక్కడు బ్రేకుల ఊసెత్తలేదు. నేనూ ఆ రోజు నోరు మూసుకున్నాను. నా మీద నాకున్న కోపం అక్కడ మొదలవుతుంది.

నెల తిరక్కుండానే వదిన పుట్టింటివాళ్లు నందిగామలో మేనల్లుడి అన్నప్రాసన పెట్టుకున్నారు. అన్నయ్య ముందు రోజే వెళ్లాడు. పొద్దున్నే నేను వదినను తీసుకుని బయలుదేరాను. ముందు సీట్లో ఆవిడ, కాళ్ల దగ్గర రాయి. దారిలో ఒక వాగు దిగుడుంది. మేం సగం దిగేసరికి అడుగున ఎడ్లబండి ఒకటి ఇసుకలో కూరుకుపోయి ఉంది. పెడలు మీద నిలబడ్డంత పని చేశాను. చేతి బ్రేకు లాగాను. కారు పాకుతూనే ఉంది.

"నేను పెడతాలే అబ్బాయ్," అని వదిన రాయి పట్టుకుని దిగింది. ఎన్నిసార్లు పెట్టిందో ఆవిడ. పాత చక్రమైతే ఆ రాయికి తగిలి ఆగేది. ఈ చక్రం రాయి ఎక్కింది. ఎక్కి, ఆవిడ చెయ్యి తీసేలోపు అవతలికి దిగింది. కారు పోయి ఎడ్లబండి వెనక కొట్టుకుని ఆగింది.

వదిన చెయ్యి చీరకొంగులో చుట్టుకుని అక్కడే కూలబడింది. నందిగామ ఆసుపత్రిలో కుడిచేతి ఉంగరపు వేలు తీసేశారు. అన్నయ్య పరుగెత్తుకుంటూ వచ్చి, కట్టు చూసి అన్న మొదటి మాట: "చెయ్యి వెనక్కి తీసుకోవటం కూడా తెలీదా?"

ఆ మాట ఆయన ఊరంతా తిరిగి చెప్పాడు. ఆడవాళ్లకి బండి సంగతులేం తెలుస్తయ్ అన్నాడు. తమ్ముడు కంగారుపడ్డాడన్నాడు. చక్రాల మాట మాత్రం ఎక్కడా రానీలేదు. నేను నలుగురిలో అడగాల్సింది. అడగలేదు.

పదిహేను రోజులకు సాయిబుగారి చేత ఆయిల్ బ్రేకులు వేయించాడు. బెజవాడ వెళ్లిరావడానికి ఒక్క రోజు పట్టింది. రెండేళ్లు పోరితే కదలని పని, ఒక్క రోజు.

మళ్లీ పూజ. మళ్లీ బజారు జనం. అన్నయ్య కుంకుమ భరిణె తెచ్చి వదిన చేతికిచ్చి, చక్రాలకు బొట్లు పెట్టమన్నాడు. ఆవిడ చక్రాల వైపు చూడలేదు. నా దగ్గరికొచ్చి, "అబ్బాయ్, బ్రేకు ఎక్కడుంటది?" అని అడిగింది.

తలుపు తీసి పెడలు చూపించాను. కట్టు విప్పిన చేత్తో, మధ్యవేలితో, వంగి దానికి బొట్టు పెట్టింది.

"కాలితో తొక్కేదానికి కుంకుమేంటే?" అన్నాడు అన్నయ్య.

"నా వేలిచ్చి కొన్నది దీన్నేగా," అంది వదిన. భరిణె ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

 జనం నిమ్మకాయల కోసం ఎదురు చూస్తున్నారు. బండి కదిలించాల్సింది నేను, ఆ బొట్టు మీద కాలు పెట్టాల్సిందీ నేనే. చెప్పులు కింద విడిచి ఎక్కాను.