వాల్టర్ తాత తెరిచిన గోడ

వాల్టర్ కాప్‌స్టిక్ మా లోయలో యాభై ఏళ్లుగా రాతి ఇళ్లు బాగుచేస్తున్న మేస్త్రి. చదువు మధ్యలో ఆపి అమ్మను చూసుకుంటున్న నాకు మనుషులతో మాట్లాడటం పెద్దగా చేతకాదు. ఆయన పనిచేస్తుంటే మాత్రం గంటలకొద్దీ చూస్తూ నిలబడగలను.

మా గుమ్మం పైరాయి మీద 1684 అని చెక్కి ఉంటుంది. గోడలు రెండడుగుల మందం. పోయినేడు అమ్మ గదిలో చెమ్మ కనిపిస్తే, వాన లోపలికి రాకూడదని బయట రాళ్ల సందులన్నీ నేనే సిమెంటుతో పూడ్చాను. చెమ్మ పెరిగింది, అమ్మ దగ్గూ పెరిగి మంచం దిగలేకపోయింది. చలికాలానికి గది ఆరకపోతే ఆమెను వృద్ధాశ్రమానికి పంపక తప్పదన్నాడు డాక్టరు.

వాల్టర్ వచ్చి గోడను తట్టి చూశాడు.

"ఎవడి నిర్వాకం ఇది?"

"నేనే, తాతా."

ఆయన కాసేపు మీసం గోక్కున్నాడు. "ఇంత గట్టిగా పెట్టావేం? తీసేసరికి నా నడుం విరుగుతుంది. గోడకి ముక్కూ నోరూ మూసేస్తే తడి ఎటు పోతుంది పిల్లా? లోపలికే కదా!"

చట్టం కాపాడే పాత ఇల్లు కాబట్టి ముందుగా స్థానిక కౌన్సిల్ అనుమతి తెచ్చుకుని, మే నెలలో మొదలుపెట్టాడు. రాయి అంచు చెదరకుండా సన్నటి ఉలితో సిమెంటు రాల్చాడు. తడిని బయటికి పోనిచ్చే సున్నం, ఇసుక కలిపి సందుల్లో నొక్కాడు. ఎండకు తొందరగా ఆరిపోకుండా పైన గోనెపట్టాలు వేలాడదీశాడు. వాటిని తడుపుతూ ఉండటం నా వంతు.

ఓరోజు కౌన్సిల్ నుంచి ఒకావిడ పని చూడటానికి వచ్చింది. అడక్కుండా ఇలాంటి గోడను ముట్టుకోవడం నేరం.

"ఈ సిమెంటు పెట్టిందెవరు, మిస్టర్ కాప్‌స్టిక్?"

నేను తల దించుకుని గోనె మీద నీళ్లు చల్లాను.

"పెట్టినవాళ్లకి బుద్ధొచ్చిందిలే తల్లీ. నెల్లాళ్లుగా గోనెలు తడుపుతున్నారు. ఇంకేం శిక్ష వేస్తావు?"

ఆవిడ నా తడి చేతుల వైపు చూసి నవ్వింది. సున్నం పాళ్లు మాత్రం రాసుకుని వెళ్లిపోయింది.

అక్టోబరు చివర డాక్టరు అమ్మ ఛాతీ పరీక్షించి, గోడ తడిమి, "ఈ చలికాలం ఇక్కడే ఉండనివ్వు" అన్నాడు.

మర్నాడే కేకు, చీజ్ ముక్క పట్టుకుని వాల్టర్ ఇంటికి వెళ్లాను. దారంతా వల్లించుకున్న మాటలు ఆయన తలుపు తీయగానే మర్చిపోయాను.

"నువ్వు చేశావా?"

"అమ్మ చేసింది. నిలబడి చేసింది తాతా."

ఆయన కేకు జాగ్రత్తగా బల్లమీద పెట్టి, పొయ్యి దగ్గరికి కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు.