అల్ ఐన్‌లో ఎర్ర పూస

దుబాయ్ అంటే వీధినిండా బంగారమేనని మా గోదావరి వైపు ఆడవాళ్లం నమ్మిన రోజులవి. నేనూ అలాగే నమ్మి, దుబాయ్‌కి దగ్గర్లోని అల్ ఐన్ ఊళ్లో ఓ తెల్లమ్మగారింట్లో వంటకి కుదిరాను. తీరా చూస్తే ఆ ఇంటినిండా రాళ్లూ, కుండపెంకులూ! ఆవిడా, ఊళ్లోని మరికొందరు తెల్లవాళ్లూ, ఓ అరబ్బు మాస్టారూ కలిసి సంఘం పెట్టుకున్నారు. శుక్రవారం వస్తే చాలు, ఎడారిలోకి పోయి పాత సమాధులూ, పక్షులూ, బల్లులూ చూసి రావడమే వాళ్ల పని. (సెలవు రోజున పడుకుంటే ఎంత హాయిగా ఉంటుందో వాళ్లకెవరూ చెప్పలేదు కాబోలు.)

ఓ శనివారం పొద్దున్నే గిన్నెలు తోముదామని వెళ్తే, వంటగది సింకులో పళ్లతో సహా ఓ దవడ ఎముక నానుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మనిషిదేనని తీర్మానించుకుని, బయట కారు కడుగుతున్న డ్రైవరన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయనది కరీంనగర్ దగ్గర పల్లె. ధైర్యం చెబుతాడనుకుంటే, వచ్చి చూసి నాకన్నా ఎక్కువ బిగుసుకుపోయాడు.

"ఖలాస్ చెల్లె. పోలీసులొస్తే ముందుగాల మనల్నే పట్కపోతరు," అన్నాడు.

వీసాకి పూచీ ఉన్న కఫీల్ వెనక్కి పంపేస్తే, ఇంటిదగ్గర పిల్లల గతేమిటని నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం వెళ్లి, పని మానేస్తామని అమ్మగారికి చెప్పేశాం. ఆవిడ కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వి, అది కొండమేక దవడని తన ముక్కల హిందీలో చెప్పింది. వచ్చే శుక్రవారం మీరూ రండి, మేమేం చేస్తామో చూద్దురుగాని అంది.

వెళ్లాం. ఇసుక మధ్య గుండ్రంగా పెద్ద పెద్ద రాళ్లతో కట్టిన పాత సమాధి. ఎవరో చేత్తో నిమిరినట్టు నున్నగా ఉన్నాయా రాళ్లు. గుమ్మం మీద చెక్కిన కొమ్ముల జింకలు, వాటి మధ్య ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు మనుషులు. నా నోటమాట రాలేదు (మా ఇంట్లోవాళ్లు ఇది నమ్మరు). నా వాలకం చూసి అరబ్బు మాస్టారు తాను తెచ్చిన చిన్న పెట్టె తెరిచి, కందిగింజంత ఎర్ర పూస ఒకటి నా అరచేతిలో పెట్టారు. ఇలాంటి సమాధిలోనే దొరికిందట. వేల ఏళ్ల కిందట మీ దేశంవైపు నుంచి పడవలో వచ్చిందని హిందీలో చెప్పారు.

మాకంటే ముందే మనవాళ్లు దుబాయ్ వచ్చారా! ఆ ఆశ్చర్యంలో డ్రైవరన్నని అడిగాను, "వాళ్లకి కఫీల్ ఎవరంట అన్నా?"

ఆయన దాన్ని యథాతథంగా హిందీలోకి మార్చేశాడు. అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "సముందర్ హోగా, బహన్," అన్నారు. సముద్రమే అయ్యుంటుందట.

పూసకి సన్నటి బెజ్జం ఉంది. దాంట్లోంచి దారం ఎవరు దూర్చారో, అది ఏ తల్లి మెడలో ఉండేదో అనుకుంటూ నిలబడిపోయాను. తిరిగివ్వమని మాస్టారు చెయ్యి చాపినా నాకు తెలియలేదు. చివరికి డ్రైవరన్న, "ఇయ్యి చెల్లె, ఆయనది ఆయనకియ్యి," అని మెల్లగా నా వేళ్లు విప్పాడు. ఎండలో నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ వంటమనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంతే ముద్దూ వస్తుంది.